ఫొటోలో వినపడని లోపం

ఈ సీజన్‌లో ఏదో ఒక పెళ్లికి వెళ్తారు కదా. ఫంక్షన్ హాల్లో భోజనాల బంతిలో కూర్చున్నాక, ఎదురుగా ఉన్నవాళ్లతో ఓ రెండు నిమిషాలు మాట్లాడి చూడండి. వడ్డించే కుర్రాడు "పప్పు వేయమంటారా?" అని మూడుసార్లు అడుగుతాడు. మీరు చెయ్యి అడ్డం పెట్టి సైగ చేస్తారు. మూలన కుర్చీలో కూర్చున్న తాతగారు, ఎవరేమన్నారో తెలియకపోయినా, అందరికీ నవ్వుతూ తలాడిస్తుంటారు. పురోహితుడి మైకు, సన్నాయి, డీజే, పిల్లల కేకలు, స్టీలు గిన్నెల చప్పుడు... అన్నీ కలిసి ఒకే ముద్దగా నెత్తిన పడుతుంటాయి. బయటికొచ్చి "అబ్బ, తల పగిలిపోతోంది" అంటాం. జనం ఎక్కువైపోయారు అనుకుంటాం. నిజానికి అందులో జనం తప్పు కొంతే. ఎక్కువ తప్పు ఆ హాలుది, దాన్ని కట్టించినవాళ్లది.

ఈ పేజీలో మీరు రోజూ కోడింగ్, డేటా, ఏఐ గురించి చదువుతుంటారు. వాటి మీద నాకేమీ కోపం లేదు. కానీ సివిల్, ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్, ఈసీఈ, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి "మా బ్రాంచికి ఏముందిలే" అనుకునేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. వాళ్ల కోసమే ఈ మాటలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్... ఎక్కడ చూసినా కేఫ్‌లు, హోటళ్లు, కన్వెన్షన్ హాళ్లు, జిమ్‌లు, బాక్స్ క్రికెట్ కోర్టులు వస్తూనే ఉన్నాయి. వాటిని కంటికి అందంగా తీర్చిదిద్దేవాళ్లకు కొదవ లేదు. చెవి గురించి ఆలోచించేవాళ్లే కనిపించరు. ఎందుకంటే హోటల్ అమ్ముడుపోయేది ఫొటోలో. నున్నటి ఇటాలియన్ మార్బుల్, గోడంతా గాజు, సిమెంటు రంగులో వదిలేసిన సీలింగ్... ఇన్‌స్టాలో అదిరిపోతాయి. ఆ గది ఎలా వినపడుతుందో ఫొటో చెప్పదు. రీల్‌కైతే వెనక పాట వేసేస్తారు.

మన పెద్దవాళ్ల పెళ్లిళ్లలో గోల లేదా అంటే, ఉంది. డోలు, సన్నాయి రెండూ ఆరుబయట నాలుగు వీధులకు వినపడాలని పుట్టిన వాయిద్యాలు. గట్టిమేళం అంటే గట్టిమేళమే. కానీ అప్పుడు పైన తాటాకు పందిరి, కింద మట్టి నేల, చుట్టూ ఖాళీ. వచ్చిన శబ్దం వచ్చినట్టే బయటికి వెళ్లిపోయేది. కాస్తో కూస్తో ఆకులూ చాపలూ మింగేసేవి. అవే వాయిద్యాలను, వాటికి తోడు డీజే బాక్సులను తెచ్చి నాలుగు వైపులా గోడలు, కింద గ్రానైట్, పైన స్లాబు ఉన్న పెట్టెలో పెట్టాం. శబ్దానికి పోయే దారి లేదు. గోడకి తగులుతుంది, వెనక్కి వస్తుంది, నేలకి తగులుతుంది, మళ్లీ లేస్తుంది. మొదటి మాట చావకముందే రెండో మాట దాని మీద పడుతుంది. దీన్నే రివర్బరేషన్ అంటారు. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయమే దీని కొలత.

ఈ కొలత వెనక ఒక కథ ఉంది, భౌతికశాస్త్రం విసుగనుకునేవాళ్లు కూడా వినొచ్చు. 1895లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ ఫాగ్ మ్యూజియంలో కొత్త లెక్చర్ హాలు తెరిచింది. చూడ్డానికి బాగుంది, పాఠం మాత్రం ఒక్క ముక్క అర్థం కావడం లేదు. నోట్లోంచి వచ్చిన మాట ఐదు సెకన్లకు పైగా గదిలోనే తిరుగుతోంది. దాని సంగతి చూడమని వాలెస్ సాబిన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక ఆర్గన్ పైపు, ఒక స్టాప్‌వాచీ, తన చెవులు. పక్కనే ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి, ఊరు సద్దుమణిగిన రాత్రుల్లో పరుస్తూ, శబ్దం ఎంతసేపటికి ఆగుతోందో కొలుస్తూ పోయాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్లీ థియేటర్‌కి చేరాలి. అలా తేలిన సూత్రం చాలా చిన్నది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తంతో భాగించండి. వచ్చేది సెకన్లు. ఆ లెక్కతోనే బోస్టన్ సింఫనీ హాలు కట్టారు. 1900లో తెరిచిన ఆ హాలును సంగీతం తెలిసినవాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

ఇప్పుడు ఆ లెక్కను మన వీధిలోకి తెద్దాం. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు ఉన్న ఒక మామూలు రెస్టారెంట్ అనుకోండి. ఘనపరిమాణం 336 ఘన మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపితే 332 చదరపు మీటర్లు. టైల్స్, గాజు, పెయింటు వేసిన గోడ తమ మీద పడ్డ శబ్దంలో పీల్చుకునేది నూటికి రెండో మూడో పాళ్లు. కుర్చీలూ బల్లలూ కలుపుకొని సగటున ఐదు పాళ్లు అనుకుందాం. అంటే 16.6 చదరపు మీటర్ల పీల్చే ఉపరితలం ఉన్నట్టు. లెక్క కడితే ఖాళీ గదిలో మూడు సెకన్లకు పైగా వస్తుంది. బావిలో మాట్లాడినట్టే. ఇప్పుడు సీలింగ్‌లో సగం, అంటే 48 చదరపు మీటర్లకు, నూటికి ఎనభై పాళ్లు పీల్చుకునే గ్లాస్‌వూల్ టైల్స్ పెట్టండి. మూడు సెకన్లు కాస్తా ఒక సెకను దగ్గరికి దిగుతుంది. మొత్తం సీలింగ్‌కి పెడితే 0.6 సెకన్లు. గోడ ముట్టుకోలేదు, మార్బుల్ తియ్యలేదు, ఓనరుకు ఇష్టమైన షాండ్లియర్ కూడా ఉన్నచోటే ఉంది. ఇంటర్ ఫిజిక్స్ వచ్చినవాళ్లెవరైనా చేయగలిగే లెక్క ఇది. అయినా చాలా ప్రాజెక్టుల్లో ఎవరూ చేయరు.

సగం సీలింగ్‌తో గదిలో నిండే గోల లెక్క ప్రకారం ఐదు డెసిబెల్స్ తగ్గుతుంది. ఐదేనా అనకండి. చుట్టూ గోల పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని బయటపెట్టాడు కాబట్టి లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. మీ టేబుల్ వాళ్లు గట్టిగా మాట్లాడితే పక్క టేబుల్ వాళ్లు ఇంకాస్త గట్టిగా, వాళ్లను చూసి మేనేజర్ పాట సౌండ్ ఇంకాస్త పైకి. ఐదు డెసిబెల్స్ తగ్గిస్తే ఈ పందెం మొదట్లోనే ఆగిపోతుంది. మనుషులు వాళ్లంతట వాళ్లే గొంతు తగ్గిస్తారు.

కస్టమర్ గంట కూర్చుని వెళ్లిపోతాడు. అక్కడ పనిచేసే వాళ్ల సంగతి? రోజుకి ఎనిమిది గంటలు పనిచేసేచోట 85 డెసిబెల్స్ దాటకూడదని అమెరికాలోని నియోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఉండదగిన సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు. అలా 100కి వచ్చేసరికి మిగిలేది పావుగంటే. డీజే స్పీకర్ పక్కన 100 దాటడం వింతేమీ కాదు. ఆ స్పీకర్ పక్కనే నిలబడి రాత్రంతా ప్లేట్లు అందించే కుర్రాడు మీ వయసువాడే, ఒక్కోసారి ఫీజు కోసం క్యాటరింగ్‌కి వచ్చిన మీ క్లాస్‌మేటే. లోపలి చెవిలో చచ్చిపోయిన వెంట్రుక కణాలు మళ్లీ మొలవవు. అకౌస్టిక్స్ అంటే డబ్బున్నవాళ్ల హోమ్ థియేటర్ సరదా అనుకునేవాళ్లతో నాకు ఇక్కడే పేచీ.

ఇంకో పెద్ద గందరగోళం 'సౌండ్‌ప్రూఫ్' అనే మాటతో. ఓనరు అడిగేదీ అదే, కాంట్రాక్టరు అమ్మేదీ అదే. రెండు వేర్వేరు పనులను కలిపి ఒకే మాటతో పిలుస్తున్నారు. గదిలో గోల తగ్గించడం ఒక పని, గదిలోని గోల పక్క గదికి పోకుండా ఆపడం వేరే పని. మొదటిదానికి మెత్తటి, గుల్లగా ఉండే వస్తువు కావాలి. రెండోదానికి బరువు కావాలి, సందు లేకపోవడం కావాలి. గోడకి అంగుళం మందం స్పంజి అంటిస్తే డీజే బేస్ ఆగదు. 63 హెర్ట్జ్ శబ్దం ఒక్కో తరంగం పొడవు ఐదు మీటర్లకు పైమాటే. దానికి అంగుళం స్పంజి ఏ మూలకి? కోడిగుడ్ల అట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు.

సందు విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. హోటల్ గదికి తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టారు. అది దాదాపు 50 డెసిబెల్స్ ఆపగలదు. కారిడార్ వైపు ఆ గోడ వైశాల్యం పది చదరపు మీటర్లు. అందులో మీటరు వెడల్పు తలుపు, దాని కింద ఒక్క సెంటీమీటర్ సందు. మొత్తం గోడలో ఆ సందు వెయ్యోవంతే. అయినా ఇక గోడ, తలుపు ఎంత మంచివైనా కలిపి 30 డెసిబెల్స్‌కి మించి ఆపలేవు. అర్ధరాత్రి కారిడార్‌లో ట్రాలీ వెళ్తే మంచం మీదున్న మీకు చక్రం ఏవైపు అరిగిందో కూడా తెలిసేది అందుకే. తలుపు మూయగానే కిందికి దిగే రబ్బరు సీలు ఒకటి దొరుకుతుంది, డ్రాప్ సీల్ అంటారు. తలుపు మార్చడం కన్నా చాలా తక్కువ ఖర్చు.

ఇక అసలు భయం గురించి చెప్పాలి. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో స్టేజి మీద బాణాసంచా వెలిగించారు. చుట్టుపక్కలకు సౌండ్ వెళ్లకుండా గోడలకు అంటించిన పాలియురెథేన్ ఫోమ్ అంటుకుంది. 100 మంది చనిపోయారు. పదేళ్ల తర్వాత, 2013 జనవరిలో, బ్రెజిల్‌లోని శాంటా మారియాలో కిస్ అనే క్లబ్‌లో అచ్చం అదే కథ. స్టేజి మీద నిప్పురవ్వలు, సీలింగ్‌కి ఫోమ్, ఆ ఫోమ్ నుంచి సైనైడ్ కలిసిన పొగ. 242 మంది పోయారు, ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు. ఇప్పుడు మన రిసెప్షన్లు తలుచుకోండి. వధూవరులు నడిచొచ్చే దారిలో రెండు వైపులా చిమ్మే పైరో, వెనక థర్మాకోల్, గుడ్డలు, ప్లాస్టిక్ పూలు. ఆ హాల్లోనే ఎవరో చౌకగా దొరికిందని పిరమిడ్ ఆకారం ఫోమ్ అంటించి 'సౌండ్‌ప్రూఫ్' అని బిల్లు వేస్తే?

కాబట్టి ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మొదటిరోజు నుంచే పట్టుకోవాల్సిన అలవాటు ఒకటుంది. వస్తువు ఎంత శబ్దం పీలుస్తుందో చెప్పే ఎన్ఆర్‌సీ అంకెతో పాటు, మంటకు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే టెస్ట్ సర్టిఫికెట్ కూడా అడగండి. గ్లాస్‌వూల్, రాక్‌వూల్ వాటంతటవి మండవు, పైన తొడిగే గుడ్డ సంగతి చూసుకోవాలి. సర్టిఫికెట్ లేదంటే ఆ సరుకు వద్దనండి. ఉద్యోగం కొత్త, బాస్ ఏమంటాడో అని ఊరుకోవద్దు. మెయిల్‌లో రాతపూర్వకంగా చెప్పండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట.

ఓనర్లు ఈమధ్య శబ్దం గురించి ఆలోచిస్తున్నారంటే అందులో సౌఖ్యం కన్నా కేసుల భయమే ఎక్కువ. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతాల్లో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్. నివాస ప్రాంతాల్లో 55, 45. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. జూబ్లీహిల్స్ పబ్బుల మోతపై చుట్టుపక్కల వాళ్లు వేసిన కేసులో 2022లో తెలంగాణ హైకోర్టు రాత్రి పది తర్వాత మ్యూజిక్ వద్దంది. ఇళ్ల మధ్య ఫ్లడ్‌లైట్లు పెట్టి అర్ధరాత్రి దాకా ఆడించే బాక్స్ క్రికెట్ కోర్టుల వంతు కూడా వస్తుంది, చూస్తుండండి. మొదటి అంతస్తులో జిమ్ పెట్టి, కింద క్లినిక్‌కి అద్దెకిచ్చిన బిల్డింగులు మీకూ తెలిసే ఉంటాయి. బార్‌బెల్ పడ్డప్పుడల్లా స్లాబు మొత్తం మోగుతుంది. అది గాల్లో వచ్చే శబ్దం కాదు, కాంక్రీటులో నడిచొచ్చే శబ్దం. మందపాటి రబ్బరు, అవసరమైతే స్లాబుకు తగలకుండా తేలే నేల వేయాలి. అదీ జిమ్ పెట్టకముందు. పెట్టాక అంతా పీకి మళ్లీ వేయాల్సిందే.

ఇంతా చెప్పి, గదులన్నీ నిశ్శబ్దంగా ఉండాలంటున్నానా? అస్సలు కాదు. ఇరానీ కేఫ్ నిశ్శబ్దంగా ఉంటే అక్కడ చాయ్ తాగాలనిపించదు. పాలరాతి బల్ల మీద కప్పు పెట్టిన చప్పుడు, ఆర్డరు కేక, మూల టేబుల్ దగ్గర రాజకీయం... ఆ హడావుడే దాని రుచి. పైగా ఆ సందడే మీ మాట పక్క టేబుల్‌కి వినపడకుండా కాపాడుతుంది. మరీ చచ్చిపోయిన గదిలో ఇద్దరు ప్రేమికులు గుసగుసలాడుకోలేరు, పెళ్లిచూపుల వాళ్లు కట్నం మాట ఎత్తలేరు. (రెండోది జరగకపోతే మంచిదే అనుకోండి.) ఏ గదికి ఎంత సందడి కావాలో తేల్చడమే ఈ పనిలో నాకు నచ్చే భాగం. సూత్రం సగం దూరమే తీసుకెళ్తుంది. మిగతాది ఆ ఊరి మనుషులు ఎలా తింటారు, ఎలా మాట్లాడుకుంటారు అన్నది తెలిసినవాళ్లకే వస్తుంది.

ఉద్యోగాల సంగతికి వద్దాం. దాచకుండా చెబుతాను: 'అకౌస్టిక్ ఇంజినీర్ కావలెను' అంటూ మీ క్యాంపస్‌కి బస్సులేసుకుని ఎవరూ రారు. కన్సల్టెన్సీలు ఉన్నాయి గానీ చిన్నవి, ఒక్కోదాంట్లో పదిమంది కూడా ఉండకపోవచ్చు. అవకాశాలు వేరే పేర్లతో ఉంటాయి. సీలింగ్, ప్యానెల్ తయారుచేసే సెయింట్ గోబెయిన్ లాంటి కంపెనీల్లో టెక్నికల్ సేల్స్, హోటళ్లకు స్పీకర్లు, ప్రొజెక్టర్లు బిగించే ఏవీ సంస్థలు, ఏసీ డక్టులు వేసే ఎంఈపీ సంస్థలు, ఇంటీరియర్ కాంట్రాక్టర్లు. అక్కడ ఈ విషయం తెలిసిన ఒక్కరు ఉంటే, మూణ్నెల్లలో సైట్ సమస్యలన్నీ ఆ ఒక్కరి దగ్గరికే వస్తాయి. అలా పెరిగే ఉద్యోగం ఇది.

బీఆర్క్ వాళ్లకు బిల్డింగ్ సర్వీసెస్ పేపర్లో ఇదంతా ఒక యూనిట్‌గా ఉంటుంది, పరీక్ష రాసి మర్చిపోతారు. ఆ యూనిట్‌ని మళ్లీ తెరవండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఎనిమిదో భాగం నాలుగో సెక్షన్ మొత్తం దీని గురించే. ఆడిటోరియాల కోసం 1963 నాటి ఐఎస్ 2526 ఉంది, పాతదే అయినా చదవదగ్గది. ఈసీఈ వాళ్లకు మైకు, స్పీకర్, సిగ్నల్ ప్రాసెసింగ్ ఇప్పటికే చేతిలో ఉన్నాయి. హాలుకి రెండు మూలల్లో రెండు పెద్ద స్పీకర్లు పెట్టి అరిపించే బదులు, చిన్నవి ఎక్కువచోట్ల పెట్టి తక్కువ సౌండ్‌తో నడపడం ఎందుకు మేలో మీరు లెక్కవేసి చూపగలరు. హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్లకు సూత్రాలతో పెద్ద పనిలేదు. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు, టేబుల్ గుడ్డ కింద మెత్తటి పొర, జ్యూస్ మిక్సీని కౌంటర్ మీంచి లోపలికి జరపడం, గిన్నెలు కడిగేచోటికీ హాలుకీ మధ్య రెండు తలుపులు. ఇంటర్న్‌షిప్‌లో వీటిలో ఒక్కటి చేయించినా రెజ్యూమెలో రాసుకోవడానికి ఒక నిజమైన పని ఉంటుంది.

విదేశాల్లో చదవాలనుకుంటే ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్, సాల్ఫోర్డ్ యూనివర్సిటీలకు ఈ రంగంలో పేరుంది. కానీ లక్షల అప్పు చేసి వెళ్లే ముందు ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఇక్కడే పైసా ఖర్చు లేకుండా తేల్చుకోండి. ఓడియన్, ఈజ్ లాంటి సాఫ్ట్‌వేర్ల ధర మనకు అందదు. రూమ్ ఈక్యూ విజార్డ్ మాత్రం ఉచితం. ఆదివారం మీ కాలేజీ క్యాంటీన్ ఖాళీగా ఉన్నప్పుడు టేపు, పది బెలూన్లు, ఫోను తీసుకెళ్లండి. కొలతలు రాసుకోండి. ఒక మూల బెలూన్ పేల్చి, ఇంకోచోట రికార్డు చేయండి. చోటు మార్చి మళ్లీ చేయండి. శబ్దం ఎంతసేపటికి అణిగిందో సాఫ్ట్‌వేర్‌లో చూడండి, సాబిన్ లెక్కతో పోల్చండి. రెండూ కలవవు. ఎందుకు కలవలేదో వెతకడం మొదలుపెట్టినప్పుడే చదువు మొదలవుతుంది. అయితే ఫోన్ చూపించే డెసిబెల్ అంకెను మాత్రం కోర్టు సాక్ష్యంలా నమ్మకండి, ఫోన్‌కీ ఫోన్‌కీ తేడా ఉంటుంది. ఇదంతా ఆరేడు పేజీల్లో, ఫొటోలతో, ఏం మార్చాలో, ఎంతవుతుందో రాసి పెట్టుకోండి. ఏ సర్టిఫికెట్ కోర్సు కన్నా ఇంటర్వ్యూలో ఆ కాగితాలే మీ తరఫున మాట్లాడతాయి.

రెండో రిపోర్టు మీ వీధి చివర టిఫిన్ సెంటర్ మీద చేయొచ్చు. ఓనరు దగ్గర రివర్బరేషన్ గురించి ఎత్తకండి, పంపించేస్తాడు. ఒక గంట కూర్చుని, ఒక్కో టోకెన్ నంబరును ఎన్నిసార్లు పిలుస్తున్నారో, ఎన్ని ఆర్డర్లు తప్పుగా వెళ్లి వెనక్కి వస్తున్నాయో లెక్కపెట్టండి. వెనక్కి వచ్చిన దోసె ఎంతకాలమైనా దోసెడు నష్టమే కాబట్టి ఆ లెక్క ఆయనకు అర్థమవుతుంది. ఆ కాగితం తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లండి. ఉదయం రద్దీలో మాత్రం వద్దు. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే మాట వినడమే కాదు, టీ కూడా ఇప్పిస్తాడు.